మూడో ఆదివారపు అభ్యంతరం

మెదక్ జిల్లా, సంగారెడ్డి తాలూకా, పటేల్‌గూడ కాపురస్థుడను, కీర్తిశేషులు దావీదు గారి రెండో కుమారుడను, వయస్సు యాభై ఐదు, ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తాను, క్రైస్తవుడను, బి. సుందర్‌రాజు అనే నేను ఈ వీలునామాను నా చేతితో నేనే రాస్తున్నాను. నా మతి స్థిమితంగా ఉంది. గుండె మాత్రం లేదు. రెండేళ్ల కింద ఒకసారి ఆగబోయి ఆగలేదు. చట్టం మతి గురించే అడుగుతుంది కాబట్టి గుండె ఈ కాగితానికి అడ్డం రాదు. నన్ను ఎవరూ భయపెట్టలేదు, ఎవరూ బతిమాలలేదు.

కాగితమంతా మూడు రోజుల ముందే రాసిపెట్టుకున్నాను. తేదీ, సంతకం మాత్రం ఈరోజు చర్చిలో నాకూ రాజవ్వకూ పెండ్లి జరిగి, పెండ్లి రిజిస్టరులో సంతకాలు పడిన తర్వాత, అదే బల్ల మీద పెడతాను. ఏ కారణం చేతనైనా పెండ్లి జరగకపోతే దీన్ని చింపేస్తాను. అప్పుడు 1969లో నేను రిజిస్ట్రీ చేయించిన వీలునామాయే నిలుస్తుంది. పెండ్లయిన గంటలోపలే మరణం తర్వాతి సంగతులు ఎందుకు రాయవలసి వచ్చిందో కింద చెప్పాను. పదమూడేళ్ల ఏడు నెలల సంగతి. పొట్టిగా రాదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత స్టోర్సులో నాతో పనిచేసే త్రినాథరావు గారిది. ఆయనది శ్రీకాకుళం వైపు. మా ఊరితో, మా సంఘంతో ఆయనకు ఏ చుట్టరికమూ లేదు. అందుకే ఆయనను పెట్టాను. మొదటిసారి అడిగితే, "ఏటి మాస్టారూ, సావు కబుర్లు ఇప్పుడెందుకు, టీ తాగండి" అని దాటవేశారు. రెండోసారి ఒప్పుకున్నారు. ఆయన శ్రమకు గాను స్టోర్సులో నా కుర్చీ మీద ఉండే దిండును ఇస్తున్నాను. అది రాజవ్వ కుట్టింది. త్రినాథరావు గారు పన్నెండేళ్లుగా, నేను సెలవు పెట్టిన రోజు ఆ కుర్చీలోనే కూర్చుంటారు.

2. ఆస్తి రాజవ్వకు రాస్తున్నాను గనుక రాజవ్వ ఎవరో చెప్పాలి.

ఆమెది బొల్లారం. తొమ్మిదో ఏట మొగులయ్య అనే అతనికి ఇచ్చి పెండ్లి చేశారు. అతను 1951లో షోలాపూరు బట్టల మిల్లుకు పోయాడు, మళ్లీ రాలేదు. ఉత్తరం కూడా రాలేదు. నేను మిషన్ బడిలో పంతులుగా ఉన్నప్పుడు ఆమె అక్కడ పిల్లలకు ఉప్మా వండేది. 1962లో బాప్తిస్మం తీసుకుంది. కొత్త పేరు పెట్టుకొమ్మంటే, "పిలిస్తే పలికే పేరు ఒకటున్నది గద, ఇంకోటెందుకు" అన్నది. ఆ పేరుతోనే మా పెండ్లి ప్రకటన ఇప్పించాము.

మాలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లు చర్చిలో చదువుతారు. వీరిద్దరూ కలవకూడదనడానికి కారణం తెలిసినవారు లేచి చెప్పాలని అయ్యగారు అడుగుతారు. అడగడం ఆచారం, లేవకపోవడం కూడా ఆచారమే. అడిగినప్పుడల్లా పిల్లలు వెనక్కి తిరిగి చూసి నవ్వుకుంటారు. జూలై 8న ఎవరూ లేవలేదు. 15న ఎవరూ లేవలేదు. 22న, మూడో ఆదివారం, మగవాళ్ల వైపు మొదటి బెంచీ మీది నుంచి మా అన్న అబ్రహాము లేచాడు. అన్న అప్పటికే సంఘ పెద్ద.

"ఆమె మొగడు షోలాపూర్ల బతికే ఉన్నడు. ఇది పెండ్లి గాదు, పాపం" అన్నాడు.

ఆ రోజు పిల్లలు కూడా నవ్వలేదు.

చట్టం అన్న వైపే ఉంది. భర్త ఉన్న స్త్రీకి చర్చి పెండ్లి చేయదు, రిజిస్ట్రారూ చేయడు. ఏడేళ్లు జాడ లేని మనిషిని చనిపోయినవాడి కింద లెక్క కట్టవచ్చని సంగారెడ్డిలో వకీలు సత్తయ్య గారు చెబితే దావా వేశాము. రెండేళ్లు వాయిదాలకు తిరిగాము. 1964లో అబ్రహాము బోను ఎక్కి, షోలాపూరులో మిల్లు గేటు కాడ మొగులయ్యను కండ్లారా చూశానని ప్రమాణం మీద చెప్పాడు. అన్న షోలాపూరు ఎప్పుడు పోయాడో ఇప్పటికీ నాకు తెలియదు. దావా కొట్టేశారు. కోర్టు మెట్లు దిగుతూ రాజవ్వ అన్నది: "వాడు నన్ను ఎప్పుడో ఇడిసిపెట్టిండు. వీళ్లే వాన్ని ఇడుస్తలేరు."

అన్నకు పాపం మీద ఎంత పట్టింపు ఉందో నాకు తెలియదు. కొల్లూరులో మా నాయన భూమి మాత్రం ఇద్దరిదీ కలిసే ఉంది. దున్నేది ఆయనే. నాకు భార్యా పిల్లలూ లేకపోతే నాదంతా ఆయన వైపే పోతుంది.

మేము 1962 ఆగస్టు నుంచి ఒకే ఇంట్లో ఉన్నాము. దాచలేదు. మరుసటి ఏడు బడి యాజమాన్యం వారు పిలిచి, ఆమె అన్నా ఇంట్లోంచి పోవాలి, నేనన్నా బడిలోంచి పోవాలి అన్నారు. నేను పోయాను. సంఘం మాకు ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, రసం ఆపింది. చందా చీటీ మాత్రం ఆపలేదు, ఏటేటా కోతల తర్వాత ఇంటికి వచ్చింది. నేను ఏటేటా కట్టాను.

పెండ్లి చేసుకోనివ్వనివారు ఎవరో, పెండ్లి లేకుండా ఉన్నారని తిట్టినవారూ వారే. పదమూడేళ్లు ఈ ఒక్క మాట ఎవరికి చెప్పినా తల ఊపారు, ఎవరూ ఏమీ చేయలేదు.

3. ఈ కింది కాగితాలలో రాజవ్వ గురించి రాసి ఉన్నది అబద్ధం. దాన్ని ఎవరూ ఎక్కడా సాక్ష్యంగా చూపరాదు. తప్పు నాది.

(అ) 1966 నాటి రేషన్ కార్డు. ఆఫీసులో గుమాస్తా వరుస అడిగాడు. "పెండ్లి కాగితమున్నదా? లేదా? అయితే పెండ్లామని రాయ. చుట్టమా? గాదా? ఇగ పనిమనిషి అని రాస్త. చక్కెర గావాల్నా, వద్దా?" వెనుక వరుసలో నలభై మంది ఉన్నారు. నేను తల ఊపాను. ఆ కార్డు రాజవ్వే సంచిలో పెట్టుకుని పదేండ్లుగా దుకాణానికి పోతున్నది. ఆమెకు చదవడం రాదని అనుకున్నాను. తర్వాత నా దగ్గరే నేర్చుకుంటుందని అప్పుడు తోచలేదు. నేర్చుకున్న ఏడాది ఒకసారి ఆ మాట మీద వేలు పెట్టి నన్ను చూసింది. కార్డు మళ్లీ సంచిలో పెట్టుకుని దుకాణానికి పోయింది.

(ఆ) 1968 నాటి ఫ్యాక్టరీ ఆసుపత్రి ఫారం. రాజవ్వకు కడుపులో గడ్డ లేచి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. మా ఆసుపత్రి పనివాడి భార్యను చేర్చుకుంటుంది, తల్లిని చేర్చుకుంటుంది, విధవ చెల్లెలిని చేర్చుకుంటుంది. అప్పటిదాకా ఏ కాగితమూ ఆమెకు చోటు చూపలేదు కాబట్టి ఉన్న చోట్లలో ఒకటి పట్టుకున్నాను. 'విధవ చెల్లెలు' అని రాసి సంతకం చేశాను. ఆపరేషన్ బాగా జరిగింది. నేను రోజూ డ్యూటీ దిగి పోయి తల దువ్వి, జావ తాగిస్తుంటే నర్సు, "అన్నంటే నువ్వే అన్నా. మా అన్న అయితే ఆసుపత్రి గడప గుడ తొక్కడు" అన్నది. కుట్లు గుంజుతాయని రాజవ్వ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వు ఆపుకుంది.

నాలుగు నెలల్లో ఆ ఫారం సంగతి స్టోర్సుకు తెలిసింది. "ఏం మాస్టరు, చెల్లె మంచిగున్నదా?" అని ఒకడు అడిగితే పక్కవాడు గోడ వైపు తిరిగి నవ్వేవాడు. ఆ నవ్వు ఇంకా అయిపోలేదు. ఫారం వాపసు ఇమ్మని మూడుసార్లు అర్జీ పెట్టాను. సంతకం మీదే కదా అన్నారు. నాదే. దాని నకలు అబ్రహాము పెట్టెలో ఉన్నదని విన్నాను.

(ఇ) 1970 నాటి ఓటర్ల జాబితాలో మాత్రం 'రాజవ్వ, భర్త సుందర్‌రాజు' అని ఉంది. అది నిజం. అది రాసింది మా అన్న బిడ్డ సుకుమారి. ఆమె టీచరు. జాబితా డ్యూటీ మీద ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మమ్మల్ని ఏమీ అడగకుండా రాసుకుని పోయింది. రాజవ్వ గురించి నిజం ఉన్న కాగితం అదొక్కటే. నన్ను అడగలేదు కాబట్టి అది నిజంగా ఉంది.

4. 1969లో నా ఇల్లు రాజవ్వకు చెందాలని వీలునామా రాసి రిజిస్ట్రీ చేయించాను. అప్పటి నుంచి ధైర్యంగా ఉన్నాను. ఆ ధైర్యం ఎంతటిదో 1974లో తెలిసింది.

ఆ ఏడు మార్చిలో డ్యూటీ మీద నాకు గుండె నొప్పి వచ్చింది. ఫ్యాక్టరీ బండిలోనే నగరం ఆసుపత్రికి తీసుకుపోయారు. బతకడని ఊళ్లో అనుకున్నారట. రెండో రోజు అబ్రహాము ఇద్దరు మనుషులతో వచ్చి మా ఇంటికి తాళం వేశాడు. తమ్ముని ఇల్లు కాపాడవలసిన బాధ్యత ఉందన్నాడు. రాజవ్వ పాలు పిండి వచ్చేసరికి తలుపు మూసి ఉంది. ఆమె దగ్గర చెంబెడు పాలు, ఒంటి మీది చీర ఉన్నాయి. వీలునామా లోపల ట్రంకు పెట్టెలో ఉంది.

పక్కింటి ఇందిరమ్మ కొట్లాటకు దిగింది. "బతికున్నోని ఇంటికి తాళమేస్తవా, నీ చేతులు పడిపోను. ఆమె ఎవరనుకున్నవు?"

"ఎవరో నువ్వే చెప్పు" అన్నాడట అన్న. "రేషన్ కార్డుల పనిమనిషి. ఆసుపత్రిల చెల్లె. నాకైతే చెల్లె లేదు."

రాజవ్వ ఆరు రోజులు బర్రెల కొట్టంలో ఉంది. ఆసుపత్రికి వచ్చి నన్ను చూసిపోయింది గాని, తాళం సంగతి చెప్పలేదు. నేను ఇంటికి వచ్చి గొడ్డలితో గొళ్లెం కొట్టినప్పుడు డాక్టరు చేయవద్దన్న పని చేశాను.

5. ఇక ఈ పెండ్లి.

ఈ ఏడు జనవరి మొదటి వారంలో అబ్రహాము మా ఇంటికి వచ్చాడు. రెండేళ్ల తర్వాత రావడం. కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. చేతిలో ఒక కవరు ఉంది. షోలాపూరు నుంచి మొగులయ్యతో పనిచేసిన నేతగాడు ఒకాయన తెలుగులో రాసిన ఉత్తరం. మొగులయ్య జ్వరంతో పోయాడని, అతని భార్యకు తెలియజేయాలని ఉంది. తేదీ ఉండవలసిన మూల చినిగి ఉంది.

"తమ్మీ, ఇగ ఏం అడ్డం లేదు" అన్నాడు. "దేవుడే తొవ్వ చూపిచ్చిండు. జల్దీ గుడిల పెండ్లి జేసుకోండ్రి. అయ్యగారితోని నేనే మాట్లాడిన. సాక్షి సంతకం గుడ నేనే పెడ్త."

నేను సంతోషించాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇప్పుడున్న అయ్యగారు కృపానందం గారు మంచివారు. జనవరి 25న మొదటి ప్రకటన చదివారు. పదమూడేళ్ల తర్వాత మా ఇద్దరి పేర్లు మళ్లీ ఆ గోడల మధ్య వినబడ్డాయి. అబ్రహాము మొదటి బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ మరుసటి రోజు వకీలు సత్తయ్య గారి దగ్గరికి పోయాను. పాత వీలునామాలో రాజవ్వ పేరు ముందు 'నా భార్య' అని ఒక మాట చేర్చవచ్చా అని అడగడానికి. ఆయన కండ్లద్దాలు తీసి నన్ను చూశారు.

"చేర్చుడేంది మాస్టరు సాబ్? క్రైస్తవుడు పెండ్లి చేసుకుంటే అంతకు ముందు రాసిన వీలునామా దానంతటదే రద్దయితది. పెండ్లయిన నిమిషానికి అది చిత్తు కాగితం. పిల్లలు లేరు గనుక సగం భార్యకు, సగం అన్నకు. మీ అన్నకు చెప్పిన గద, పోయిన నెల వచ్చి గిదే అడిగిండు."

పెండ్లి లేకుండా ఉంచితే ఆమెను గెంటవచ్చనుకున్నాడు. వీలునామా ఉందని ఎవరి ద్వారానో తెలిశాక, పెండ్లి చేయిస్తే సగమన్నా వస్తుందనుకున్నాడు. అప్పుడూ చట్టం అతని వైపే, ఇప్పుడూ చట్టం అతని వైపే. పెండ్లి లేని రాజవ్వకు మొత్తం ఇల్లు, పెండ్లయిన రాజవ్వకు సగం ఇల్లు. దీన్ని రాసినవారు ఎవరో పెద్ద చదువులు చదివినవారే అయి ఉంటారు.

ఇంటికి వచ్చి కవరు తీసి చూశాను. అన్న చేసిన పొరపాటు ఒకటే. ఉత్తరం మూల చింపాడు గాని, కవరు సంగతి మరిచాడు. నేను పన్నెండేళ్లు స్టోర్సులో లారీ బిల్టీల మీద, అంటే సరుకు రసీదుల మీద, అలుక్కుపోయిన ముద్రలు చదివినవాడిని. దీపానికి అడ్డం పెట్టి, తిప్పి చూస్తే షోలాపూరు ముద్ర కనబడింది. 1965 అక్టోబరు. చిరునామా: రాజవ్వ, మిషన్ బడి. ఆ బడి టపా అప్పట్లో సంఘ పెద్దగా అబ్రహాము చేతికే వచ్చేది.

అంటే పదేళ్లకు పైగా ఆమె పేరున వచ్చిన ఉత్తరం అతని దగ్గర ఉంది. రేషన్ కార్డు నాటికి ఉంది. ఆపరేషన్ నాటికి ఉంది. తాళం వేసిన నాటికి ఉంది.

నేను కర్ర పట్టుకుని లేచాను. రాజవ్వ తలుపుకు అడ్డం నిలబడింది.

"ఊకో. ఇప్పుడు ఒర్రితే మళ్ల పెండ్లి ఆగుతది. కోపానికి ఆయన మళ్ల లేస్తడు, రెండో ఆదివారం గానీ, మూడో ఆదివారం గానీ. గుడిల పెండ్లయినంక గా బల్ల మీదనే ఇంకో కాగితం పెట్టు. ముందుగాల్నే రాసి పెట్టుకో."

నీకు పెండ్లి కావాలా, ఇల్లు కావాలా అని నేను అడిగాను. అడగవలసిన మాట కాదు.

"నాకు తాళంచెవి గావాలె" అన్నది. "నీ వెనుక ఎవడు వచ్చినా తలుపు నేనే తెరువాలె, నేనే మూయాలె. పెండ్లి అంటవా, పదమూడేండ్ల సంది నీకు గంజి కాసిందాన్ని, ఇయ్యాల కొత్తగ సిగ్గుపడాల్నా? నీకు గుడిల కూసోవాలెనని ఉంటది, నాకెరికే. అందుకని వస్త."

ఫిబ్రవరి 1న, 8న ప్రకటనలు చదివారు. మూడో ఆదివారం అయ్యగారు అడిగినప్పుడు నేను అన్న వైపు చూశాను. ఆయన పాటల పుస్తకం తిరగేస్తున్నాడు.

6. పై కారణాల చేత, 1969 నాటి వీలునామా ఎట్లాగూ రద్దవుతుంది గనుక, పటేల్‌గూడలో నా స్వార్జితమైన రెండు గదుల పెంకుటిల్లు, ఖాళీ జాగా, చేదబావి, బర్రెల కొట్టం, ఇంట్లో నావి అయిన సామాన్లన్నీ రాజవ్వకు సర్వహక్కులతో ఇస్తున్నాను. అమ్ముకోవచ్చు, కిరాయికి ఇవ్వవచ్చు, తాళం వేసుకుని ఊరికే కూర్చోవచ్చు.

ఇది స్పష్టంగా రాస్తున్నాను. నేను రాజవ్వ అనే మనిషికి ఇస్తున్నాను, వరుసకు ఇవ్వడం లేదు. ఈరోజు జరిగిన పెండ్లి చెల్లదని రేపు ఎవరైనా అన్నా, మొగులయ్య ఉత్తరం అబద్ధమని తేలి అతను నడిచి వచ్చినా, ఏ కోర్టయినా ఆమె నా భార్య కాదని చెప్పినా, ఇల్లు ఆమెదే. భార్య అన్నా ఆమెదే. కాదన్నా ఆమెదే.

బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీలు వస్తాయని, ఇటు జాగాలకు గిరాకీ పెరుగుతుందని చెప్పుకుంటున్నారు. కొనేవాళ్లు కాగితం తెస్తే రాజవ్వ తానే చదువుకోగలదు. చదవడం రాదని అనుకోవడం నేను చేసిన తప్పు. ఇతరులు చేయకూడదు.

7. కింది వస్తువులు నావి కావు. నా ఆస్తి లెక్కలో ఎవరూ కలపరాదు: రెండు బర్రెలు, వాటి దూడలు, ఇత్తడి బిందె, విసుర్రాయి, నులక మంచం, గోడకు ఉన్న అద్దం. ఇవి రాజవ్వ పాలు అమ్మి కొన్నవి. ఆ అద్దంలో నేను రోజూ గడ్డం గీసుకున్నాను. అంత మాత్రాన నాది కాదు.

8. కొల్లూరులో మా నాయన భూమిలో నా సగం వాటాను అన్న బిడ్డ సుకుమారికి ఇస్తున్నాను. అన్నకు కాదు, అన్న కొడుకులకు కాదు. అడగకుండా ఒక నిజం రాసినందుకు. ఆమె పెండ్లి చేసుకున్నా, చేసుకోకపోయినా ఆ వాటా ఆమెదే. ఎవరినైనా చేసుకోదలిస్తే, మూడో ఆదివారం ఎవరు లేచినా కూర్చోవద్దని చెబుతున్నాను.

9. వదిన మార్తమ్మకు కుట్టుమిషన్ రాయాలనుకున్నాను. తాళం పడిన ఆరు రోజులూ ఆమె కొల్లూరు నుంచి పొలాల వెంబడి నడిచి వచ్చి కొట్టంలో రాజవ్వకు అన్నం పెట్టి పోయింది. ఇది అన్నకు తెలియదు. ఈ కాగితం ద్వారా తెలుస్తుంది, తెలియనీ. అయితే వీలునామాకు సాక్షి సంతకం చేసినవానికి గాని, అతని భార్యకు గాని అందులో రాసినది చెల్లదని వకీలు చెప్పారు. పదకొండో అంశంలో సాక్షి ఎవరో చెప్పాను. అందువల్ల మిషన్ పోయిన సోమవారం నాడే బండి మీద కొల్లూరు పంపించాను. అది ఈ వీలునామాలో లేదు.

10. 1974లో మా తలుపుకు వేసిన తాళం నా దగ్గర ఉంది. ఇత్తడిది, మంచి తాళం. గొళ్లెం పోయింది గాని తాళం చెడలేదు. దాన్ని అబ్రహాముకు వాపసు చేస్తున్నాను. ఇది దానం కాదు. ఆయన వస్తువు ఆయనకు పోతున్నది. కాబట్టి సాక్షి సంతకానికి ఇది అడ్డం కాదు.

నన్ను పాతిపెట్టే సంగతి కూడా ఇక్కడే రాస్తాను. సంఘం పుస్తకంలో పేరు కొట్టేసినవారిని సమాధుల తోటలో కంచె అవతల పెడతారు. ఈరోజుతో మా పేర్లు మళ్లీ ఎక్కుతాయని అయ్యగారు అన్నారు. ఎక్కితే ఇద్దరినీ కంచె లోపల పక్కపక్కన పెట్టండి. ఏదైనా పేచీ వస్తే ఇద్దరినీ బయట పెట్టండి. ఒకరు లోపల, ఒకరు బయట మాత్రం వద్దు. రాయి మీద వాక్యం ఏదీ వద్దు. పేర్లు చాలు.

11. సాక్షులు. చట్టానికి ఇద్దరు కావాలి. మొదటి సాక్షి కృపానందం అయ్యగారు. రెండో సాక్షి మా అన్న అబ్రహాము.

అన్ననే ఎందుకంటే, నాకు మతి లేదని, నా చేత బలవంతంగా రాయించారని రేపు కోర్టులో చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. కోర్టులో ఎట్లా చెప్పాలో ఆయనకు తెలుసు. కాబట్టి నాకు మతి ఉందనే మాట ఆయన సంతకంతోనే ఉండాలి. సాక్షిగా ఉన్నవాడికి ఇందులో ఏమీ ముట్టదు. నేను ఆయనకు ఏమీ రాయలేదు కాబట్టి నష్టం లేదు. పెండ్లికి సాక్షి సంతకం తానే పెడతానని అడగకముందే అన్నాడు. కలం చేతిలోనే ఉంటుంది.

షోలాపూరు కవరును, ఉత్తరాన్ని దారంతో కుట్టి ఈ కాగితానికి జత చేశాను. అన్న సంతకం చేస్తే ఈ కాగితం నేను పోయేదాకా అయ్యగారి బీరువాలో ఉంటుంది, కవరు గురించి నేను ఎవరితోనూ మాట్లాడను. చేయకపోతే ఇందిరమ్మ, త్రినాథరావు గారు బయట కూర్చుని ఉన్నారు, వారు చేస్తారు; అప్పుడు త్రినాథరావు గారి దిండు ఇందులో చెల్లదు గనుక ముందే చేతికి ఇచ్చేస్తాను. కవరు మాత్రం వచ్చే ఆదివారం సంఘం ముందు పెడతాను. ఇది బెదిరింపు అంటే బెదిరింపే. పదమూడేళ్లలో నేను చేసిన మొదటిది.

అయ్యగారికి ఒక మనవి. అన్న సంతకం చేసే ముందు ఈ కాగితం అంతా చదవనివ్వండి. చదివాక, దీనికి అభ్యంతరం ఉందా అని మూడుసార్లు అడగండి. చట్టం ప్రకారం అక్కరలేదు. మా ఆచారం ప్రకారం అడగండి. పేరు కింద, నాకూ రాజవ్వకూ తాను ఏమి వరుస అవుతాడో తన చేత్తో రాయమనండి. ఆమె ఎవరని ఇందిరమ్మను అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనే రాయాలి.

ఇంతకు మించి చెప్పేది లేదు. రాజవ్వకు చెప్పవలసినవి కాగితం మీద పెట్టేవి కావు.

తేదీ: 18 ఫిబ్రవరి 1976, బుధవారం. పెండ్లి రిజిస్టరులో సంతకాలు అయిన తర్వాత, పగలు పన్నెండున్నరకు.

(సంతకం) బి. సుందర్‌రాజు

సాక్షులు:

1. (సంతకం) ఎం. కృపానందం, సంఘ కాపరి.

వీలునామాకర్త కోరినట్లు రెండో సాక్షికి కాగితం ఇచ్చి చదవనిచ్చాను. అభ్యంతరం ఉందా అని అడిగాను. మొదటిసారి కాగితం తిప్పి మళ్లీ మొదటి నుంచి చదివారు. రెండోసారి కవరు చూడాలన్నారు, చూపాను. మూడోసారి లేచి నిలబడి, లేదు అన్నారు. ఎం.కె.

2. (సంతకం) బి. అబ్రహాము, కొల్లూరు. సుందర్‌రాజుకు అన్నను. రాజవ్వకు బావను.